పిల్లల సైనస్ ఆపరేషన్: విజయవాడలోని ఒక ఈఎన్‌టీ ఆసుపత్రిపై సమీక్ష

మా అమ్మాయికి 2022 డిసెంబరులో ఒకసారి, 2023 నవంబరులో మరొకసారి విజయవాడలోని ఒకే ఈఎన్‌టీ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. మొదటిసారి ముక్కు వెనక ఉండే అడినాయిడ్ అనే మెత్తని ముద్దను తీసివేసి, సైనస్‌ను, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదిని, కడిగారు. రెండోసారి ఎండోస్కోప్ అనే, లోపలిది తెర మీద చూపించే సన్నని గొట్టం సాయంతో సైనస్ ద్వారాలను వెడల్పు చేశారు. అప్పటికి పాపకు ఏడేళ్లు, ఎనిమిదేళ్లు. ఆ ఆసుపత్రిలో నాకు నచ్చినవీ ఉన్నాయి, మనసు కష్టపెట్టినవీ ఉన్నాయి. రెండూ రాస్తున్నాను కాబట్టి ఆసుపత్రి పేరూ, డాక్టరు గారి పేరూ చెప్పడం లేదు. ఇలాంటి ఆపరేషన్ కోసం ఏ ఆసుపత్రి మెట్లెక్కినా తల్లిదండ్రులు ఏమేమి గమనించాలో, ఏమేమి అడగాలో దీన్నిబట్టి కొంతైనా తెలుస్తుందని రాస్తున్నాను.

మేముండేది గుంటూరులో. మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. పాపకు అయిదో ఏడు దాటినప్పటి నుంచి ముక్కు దిబ్బడ మొదలైంది. బడికి వెళ్లే పిల్లలకు ఏడాదికి ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలేనని మొదట్లో మేమూ సరిపెట్టుకున్నాం. అయితే ఒక జలుబుకూ మరో జలుబుకూ నడుమ పదిరోజులైనా ముక్కు పొడిగా ఉండాలి కదా, మా పాపకు ఆ పదిరోజులు ఎప్పుడూ రాలేదు. పచ్చగా చిక్కటి చీమిడి, పడుకోగానే తెరలు తెరలుగా దగ్గు, నోరు తెరుచుకుని నిద్ర, పక్క గదిలోకి వినిపించే గురక, పొద్దున లేచేసరికి నోటి వాసన, ఇవన్నీ ఏడాదిన్నర పాటు మా ఇంట్లో రోజువారీ సంగతులైపోయాయి. మా అత్తగారు వాము వేయించి గుడ్డలో మూటగట్టి వాసన చూపించేవారు, పసుపు వేసి ఆవిరి పట్టేవారు. ఆవిరి పట్టినంతసేపూ తెరిపిగా ఉండి, దుప్పటి తీయగానే మళ్లీ మొదటికి వచ్చేది.

ఈ ఆసుపత్రికి రాకముందు రెండు చోట్ల చూపించాం. ఒక చోట నెలకో యాంటీబయాటిక్ చొప్పున రాశారు. మరో చోట ఎక్స్‌రే తీసి, సైనస్ మొత్తం తెల్లగా కనిపిస్తోందని, వచ్చే వారమే ఆపరేషన్ పెట్టుకుందామని అయిదు నిమిషాల్లో తేల్చేశారు. చిన్నపిల్లల్లో మామూలు జలుబుకు కూడా ఎక్స్‌రేలో సైనస్ తెల్లగా కనిపించవచ్చునని, ఒక్క ఎక్స్‌రేను పట్టుకుని ఆపరేషన్ నిర్ణయించకూడదని మాకు తర్వాత తెలిసింది. మా అత్తగారైతే వచ్చే వారమే ఆపరేషన్ అన్న మాట విన్న రోజు రాత్రి అన్నం ముట్టలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుందేమోనని ఆమె భయం. ఆ భయంతోనే మూడో అభిప్రాయం కోసం విజయవాడ వెళ్లాం.

ఈ ఆసుపత్రి గురించి నేను మొట్టమొదట మెచ్చుకునేది, ఆ డాక్టరు గారు పాపను చూడటానికి తీసుకున్న సమయం. అరగంటకు తక్కువ కాకుండా మాతో కూర్చున్నారు. దగ్గు పగలు ఎక్కువా రాత్రి ఎక్కువా, ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా, ఉబ్బసం ఉన్నవాళ్లున్నారా, చెవి నొప్పి ఎన్నిసార్లు వచ్చింది, బడిలో పిలిస్తే పలుకుతుందా, అన్నీ అడిగారు. యార్డు సంగతి చెప్పగానే కలం పక్కన పెట్టి, సీజన్‌లో పాప ఇబ్బంది పెరుగుతుందా అని మావారిని ప్రత్యేకంగా ప్రశ్నించారు. పెరుగుతుందన్నాం. మిర్చి ఘాటు అనేది సైనస్ జబ్బును పుట్టించకపోయినా, ఉన్న వాపును రగిలిస్తుందని, యార్డు నుంచి రాగానే బట్టలు మార్చుకుని స్నానం చేసిన తర్వాతే పాపను ఎత్తుకోమని చెప్పారు. ఏడాదిన్నరలో ఆ మాట మాకు చెప్పిన మొదటి డాక్టరు ఆయనే.

తర్వాత ఎండోస్కోప్‌తో ముక్కు లోపల చూశారు. పాపను నా ఒళ్లోనే కూర్చోబెట్టుకోమన్నారు. తిమ్మిరి మందులో తడిపిన దూదిని ముక్కులో ఉంచి అయిదు నిమిషాలు ఆగారు. ఆ అయిదు నిమిషాలూ పాపతో, "నీ ముక్కులో గుహ ఉంది, టీవీలో చూద్దామా?" అంటూ కబుర్లు చెప్పారు. ఆ గొట్టం పెన్ను రీఫిల్ కంటే లావుగా లేదు. తెర మీద మొదట గులాబీ రంగు గోడలు, వాటి మధ్య దారంలా సాగుతున్న చీమిడి, చివరికి దారి మొత్తాన్నీ మూసేసినట్టు ముడతలు ముడతలుగా ఉన్న ఒక ముద్ద కనిపించాయి. ఆ ముద్ద మీద పసుపుపచ్చని చీము పొరలా పరుచుకుని ఉంది. పాప ఏడవకుండా, "అమ్మా, గుహకు తలుపేశారు" అంది. డాక్టరు గారు, "సరిగ్గా చెప్పావు తల్లీ" అన్నారు.

అప్పుడాయన వివరించిన తీరు వల్లే పిల్లల సైనస్ గురించి మాకు మొదటిసారి అర్థమైంది. చెంపల వెనక ఉండే మాక్సిలరీ సైనస్‌లు, కళ్ల మధ్య ఉండే ఎత్మాయిడ్ గదులు పుట్టుకతోనే ఉంటాయట. నుదుటి సైనస్ మాత్రం ఆరేడేళ్ల వయసు తర్వాత గాని కాస్త కనిపించేంత ఎదగదు, యవ్వనం వచ్చేదాకా పెరుగుతూనే ఉంటుంది. అంటే పెద్దవాళ్ల సైనస్ ఆపరేషన్‌ను చిన్న కొలతలో పిల్లలకు చేసేయడం కుదరదు. తెర మీద మేము చూసిన ముద్దే అడినాయిడ్. అది చిన్నతనంలో పెద్దదిగా ఉండి, పెరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. దాని ముడతల్లో సూక్ష్మజీవులు పొరలా కట్టుకుని కాపురం పెడితే, ఎన్ని యాంటీబయాటిక్‌లు వాడినా ఆపిన పది రోజులకే చీము మళ్లీ వస్తుంది. అందువల్ల పిల్లల్లో మందులతో నయం కాకపోతే ముందు అడినాయిడ్‌ను తీసి చూస్తారని, చాలామంది పిల్లలకు అంతటితోనే సరిపోతుందని, ఆ తర్వాతే సైనస్ జోలికి వెళ్తారని ఆయన చెప్పారు. కంటి చుట్టూ వాపు వచ్చి చూపుకు ప్రమాదం ఏర్పడినప్పుడు, చీముగడ్డ కట్టినప్పుడు మాత్రం ఈ క్రమం పాటించే సమయం ఉండదని, అది వెంటనే ఆసుపత్రిలో చేర్చవలసిన పరిస్థితి అని కూడా హెచ్చరించారు.

ఆ రోజు ఆయన ఆపరేషన్ రాయలేదు. రోజుకు రెండుసార్లు ఉప్పునీటితో ముక్కు కడగడం, స్టెరాయిడ్ స్ప్రే, ఒక విడత యాంటీబయాటిక్ ఇచ్చి, ఎనిమిది వారాల తర్వాత రమ్మన్నారు. సీటీ స్కాన్ కూడా అప్పుడే వద్దన్నారు. ఆపరేషన్ చేయాలని నిర్ణయించుకున్నాక దారి చూసుకోవడానికి తీసే స్కాన్ అది, పసివాళ్లకు అనవసరంగా రేడియేషన్ ఎందుకన్నది ఆయన మాట. ఆపరేషన్ చేస్తే ఆదాయం వచ్చే చోట, ఆపరేషన్ ఇప్పుడే వద్దని చెప్పిన మనిషిని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఎనిమిది వారాల్లో దగ్గు సగం తగ్గింది గాని గురక, ముక్కు దిబ్బడ పోలేదు. డిసెంబరులో అడినాయిడ్ తీసి, మాక్సిలరీ సైనస్‌లను కడిగారు. ఆపరేషన్ ముప్పావుగంటలో ముగిసింది, మర్నాడు ఇంటికి వచ్చేశాం. వైద్యం విషయంలో ఏ లోపమూ లేదు. కానీ ఆ రోజు పాప పడిన బాధకు నేను ఆ ఆసుపత్రిని ఇంకా క్షమించలేదు. రాత్రి పదకొండు తర్వాత పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వవద్దని ఫోనులో చెప్పారు. పొద్దున ఎనిమిదికి థియేటర్ అన్నారు. మా ముందు రెండు ఆపరేషన్లు ఆలస్యమై, పాపను లోపలికి తీసుకువెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఏడేళ్ల పిల్ల పద్నాలుగు గంటల పాటు నీటిచుక్క లేకుండా, పెదవులు తడుపుకుంటూ, వాటర్ ఫిల్టర్ వైపు చూస్తూ కూర్చుంది. మత్తు ఇవ్వడానికి ముందు ఆహారం ఆరు గంటలు ఆపాలి గాని, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగించవచ్చునన్నది మత్తు వైద్యులందరికీ తెలిసిన నియమం. రెండోసారి నేను మత్తు డాక్టరు గారిని నేరుగా అడిగితే, ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "ఆరున్నర దాకా నీళ్లు ఇవ్వండమ్మా" అన్నారు. డాక్టరుకు తెలిసిన సంగతి ఫోను చేసే సిబ్బందికి తెలియకపోవడం ఆసుపత్రి తప్పే. పసిపిల్లల ఆపరేషన్లను జాబితాలో ముందు పెట్టకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

అడినాయిడ్ తీశాక గురక పూర్తిగా పోయింది. నోరు మూసుకుని నిద్రపోతున్న పిల్లను చూడటానికి మేమిద్దరం అర్ధరాత్రి లేచి కూర్చున్న రోజులున్నాయి. కానీ ఏడెనిమిది నెలలకు పచ్చని చీమిడి, రాత్రి దగ్గు మళ్లీ తలెత్తాయి. మళ్లీ మందులు, మళ్లీ ముక్కు కడగడం, అలెర్జీ పరీక్ష, అన్నీ అయ్యాయి. మూడు నెలలు గడిచినా తగ్గకపోవడంతో అప్పుడు సీటీ స్కాన్ తీయించారు. రెండు చెంపల సైనస్‌లూ, వాటి పక్కనున్న ఎత్మాయిడ్ గదుల్లో ముందు వరసా నిండి ఉన్నాయి. సైనస్ ఆపరేషన్ చేయక తప్పదన్నారు.

నన్ను వేధించిన ప్రశ్న ఒక్కటే. ఎదిగే ఎముకను కదిలిస్తే పాప ముఖం వంకర పోతుందా? డాక్టరు గారు దాన్ని కొట్టిపారేయలేదు. ఒకప్పుడు పంది పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో ముఖం ఎదుగుదల తగ్గినట్టు కనిపించడంతో వైద్యలోకం కూడా భయపడిందని, కానీ చిన్నతనంలో ఈ ఆపరేషన్ జరిగిన పిల్లలను సుమారు పదేళ్ల తర్వాత పరిశీలిస్తే ముఖం ఎదుగుదలలో తేడా కనిపించలేదని, అయినా పిల్లల విషయంలో అవసరమైనంత మేరకే ముట్టుకుంటామని చెప్పారు. కంటిగూడుకూ సైనస్‌కూ మధ్య ఉన్న గోడ కాగితమంత పలచన అని, పైన మెదడు అడుగుభాగం ఉంటుందని, అరుదుగానైనా కంటికి దెబ్బ తగలడం, మెదడు చుట్టూ ఉండే నీరు కారడం, రక్తస్రావం వంటివి జరగవచ్చునని మా పాప స్కాన్‌లోనే చూపించి చెప్పి, ఆ తర్వాతే సంతకం అడిగారు. పక్కనున్న కాగితం మీద బొమ్మ గీసి, ఏ గోడ తీస్తారో, ఏది తీయరో గీతలు కొట్టి చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ఆ సందర్భంలోనే ఈ పద్ధతి వెనకున్న ఆలోచన కూడా చెప్పారు, అది నాకు ఎంతో నచ్చింది. పాతరోజుల్లో సైనస్‌లోని చీము కిందికి కారిపోతుందని అడుగున కొత్త కన్నం పెట్టేవారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరానికి చెందిన వాల్టర్ మెస్సర్‌క్లింగర్ అనే వైద్యుడు ఎండోస్కోప్‌తో ఓపికగా పరిశీలించి, సైనస్ లోపలి సన్నని నూగు చీమిడిని ఎప్పుడూ సహజమైన ద్వారం వైపే నెట్టుకుపోతుందని, పక్కనే వేరే కన్నం ఉన్నా దాన్ని దాటుకుని వెళ్తుందని చూపారు. అందుకే ఇప్పుడు కొత్త దారి తవ్వకుండా, ఉన్న ద్వారానికి అడ్డుపడ్డదాన్నే తొలగిస్తున్నారు. 1985లో అమెరికాలో డేవిడ్ కెన్నెడీ ఈ శస్త్రచికిత్సకు ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ అని పేరు పెట్టారు. మన ఆసుపత్రుల బిల్లుల మీద ఫెస్ అని కనిపించేది అదే.

రెండో ఆపరేషన్ గంటన్నర పట్టింది. ఈసారి పాప పేరే జాబితాలో మొదట ఉంది, మేము ముందే పట్టుబట్టాం. థియేటర్ తలుపు దాకా నన్ను రానిచ్చారు. మెలకువ వచ్చే గదిలోకి కూడా వెంటనే పిలిచారు, ఇది అన్ని చోట్లా జరగదని విన్నాను. మత్తు వదిలేటప్పుడు పాప నన్ను గుర్తుపట్టకుండా చేతులు కొట్టుకుంటూ ఏడ్చింది. నాకు కాళ్లలో సత్తువ పోయింది. అక్కడున్న నర్సు, వయసులో నాకంటే చాలా చిన్నది, పాప రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "బుజ్జమ్మా, అమ్మ వచ్చిందిరా, కళ్లు తెరు" అని పదేపదే ఒకే గొంతుతో చెబుతూ, నా వైపు తిరిగి, "మత్తు దిగేటప్పుడు కొందరు పిల్లలు ఇలాగే చేస్తారక్కా, పావుగంటలో సర్దుకుంటుంది, తనకు ఇది గుర్తుండదు" అంది. ఆమె చెప్పినట్టే పావుగంటలో సర్దుకుంది. ఆ ఆసుపత్రికి ఎన్ని మార్కులు తగ్గించినా, ఆ నర్సుకు మాత్రం పూర్తి మార్కులు ఇస్తాను.

ముక్కులో వాటంతట అవే కరిగిపోయే దూది వంటివి పెట్టారు కాబట్టి, తర్వాత బయటికి లాగే బాధ తప్పింది. పిల్లలకు ఇది చాలా ముఖ్యం, ముందే అడిగి తెలుసుకోవలసిన విషయం. ఆ రాత్రి పాప నల్లగా, కాఫీ పొడి కలిపినట్టున్న వాంతి చేసుకుంది. ఆపరేషన్ సమయంలో మింగిన రక్తం అలా బయటికి వస్తుందని, ఎర్రని తాజా రక్తం కనిపించినా, పాప పదేపదే గుటకలు మింగుతున్నా వెంటనే పిలవాలని డ్యూటీ డాక్టరు వచ్చి చెప్పారు. బాగానే చెప్పారు. అయితే ఆ మాట సాయంత్రమే చెప్పి ఉంటే, మావారు ఆ కారిడార్‌లో అలా పరుగెత్తవలసిన అవసరం ఉండేది కాదు.

ఈ ఆసుపత్రిలో అన్నిటికంటే బలహీనమైన విభాగం ఏదని అడిగితే, ఇంటికి పంపే విధానమని చెబుతాను. సైనస్ ఆపరేషన్ ఫలితం సగం ఇంట్లో ముక్కు కడగడం మీదే ఆధారపడి ఉంటుందని డాక్టరు గారే అన్నారు. ఆ ముఖ్యమైన పనిని మాకు నేర్పింది మాత్రం డిశ్చార్జి కాగితాలు ఇచ్చే కౌంటర్ దగ్గర నిలబెట్టి, రెండు నిమిషాల్లో. కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. గుంటూరు, పల్నాడు పల్లెల నుంచి వచ్చే తల్లులకు అది ఎలా అర్థమవుతుంది? మొదటి వారం మేము పాప తల వెనక్కి వంచి నీళ్లు పోశాం, పిల్ల ఉక్కిరిబిక్కిరై మరునాటి నుంచి సీసా చూస్తేనే దాక్కునేది. వారం తర్వాత పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు గారు స్వయంగా చేసి చూపించారు. వాష్‌బేసిన్ మీదికి తల ముందుకు వంచి, కాస్త ఒక పక్కకు తిప్పాలి, నోరు తెరిచి ఊపిరి తీసుకోమనాలి, పై ముక్కు రంధ్రంలోకి మెల్లగా నొక్కితే నీరు కింది రంధ్రం నుంచి కారుతుంది. పావు లీటరు నీటికి అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా చాలు. నీరు కాచి చల్లార్చినదే అయి ఉండాలి. కొళాయి నీరు గాని, బోరు నీరు గాని నేరుగా వాడకూడదు, ఎందుకంటే నేగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణం దక్కడం కష్టం. 2024లో కేరళలో కొలనుల్లో, కుంటల్లో ఈదిన పిల్లలు కొందరు ఈ జబ్బుతో చనిపోయిన వార్తలు చదివినప్పుడు, మా కౌంటర్‌లో నీరు కాచమన్న మాట ఎవరూ చెప్పలేదని గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. స్ప్రే సంగతీ అంతే. కుడి రంధ్రంలో ఎడమ చేత్తో, ఎడమ రంధ్రంలో కుడి చేత్తో, మధ్య గోడకు తగలకుండా చెవి వైపు కొట్టాలని తెలియక, పాపకు రెండుసార్లు ముక్కు నుంచి రక్తం వచ్చేలా చేశాను.

ఖర్చు గురించి క్లుప్తంగా చెబుతాను. రెండో ఆపరేషన్‌కు ముందు 75 వేలు అవుతుందన్నారు, చివరికి 93 వేలయింది. కణజాలాన్ని కొరికి తీసే యంత్రపు బ్లేడు, కరిగే దూది విడిగా వేశారు. ఇవి ప్రతి ఆపరేషన్‌కూ కావలసినవే అయినప్పుడు అంచనాలో చేర్చకపోవడం సరైన పద్ధతి కాదు. బీమా ఉన్నవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. చాలా పాలసీల్లో అడినాయిడ్, సైనస్ ఆపరేషన్లకు రెండేళ్ల నిరీక్షణ గడువు ఉంటుంది. మా పాలసీకి రెండేళ్లు నిండటానికి నాలుగు నెలలు తక్కువ కావడంతో మొత్తం మేమే కట్టుకున్నాం.

ఫలితం మాత్రం చక్కగా ఉంది. గడిచిన ఏడాదిలో పాపకు మూడుసార్లు జలుబు చేసింది, మూడుసార్లూ వారంలో తగ్గిపోయింది. యాంటీబయాటిక్ ఒక్కసారి కూడా వాడలేదు. మొన్న ఫిబ్రవరిలో స్కూటర్ మీద యార్డు రోడ్డు దాటుతుంటే వెనక నుంచి నా భుజం తట్టి, "అమ్మా, ఘాటు కొడుతోంది" అంది. ఆ రోడ్డు మీద మేము కొన్నేళ్లుగా తిరుగుతున్నాం. తను ఆ మాట అనడం అదే మొదటిసారి.

నా రేటింగ్ అయిదుకు నాలుగు. వైద్యానికీ, నర్సుల ఓర్పుకూ అయిదు ఇస్తాను. ఒక పాయింటు తగ్గించింది ఫోను చేసే సిబ్బందికీ, డిశ్చార్జి కౌంటర్‌కూ, బిల్లు అంచనాకూ. మామూలు ఆరోగ్యంతో ఉండి, సైనస్ ఒక్కటే సమస్య అయిన పిల్లలకు ఈ ఆసుపత్రి సరిపోతుంది. తీవ్రమైన ఉబ్బసం, గుండె జబ్బు, రక్తం గడ్డకట్టని సమస్య ఉన్న పిల్లలనైతే, పిల్లల ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రికే తీసుకువెళ్లాలి, ఇక్కడ ఆ సదుపాయం లేదు. వెళ్లేవాళ్లు సోమవారం వెళ్లకండి, ఓపీలో మూడు గంటలు పడుతుంది. బుధ, గురువారాల్లో పొద్దున పదిలోపు వెళితే డాక్టరు గారు తీరిగ్గా మాట్లాడతారు. పాత మందుల చీటీలన్నీ తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి, ఆయన మొదట అడిగేవి అవే.